పూర్తి డోసు

మా అబ్బాయి కృష్ణకాంత్ నూజివీడులో పిల్లలకి పాలిటెక్నిక్ ఎంట్రన్సు కోచింగ్ ఇస్తాడు. పిల్లవాడికి సీటు వస్తే మాస్టారు గొప్పవాడంటారు, రాకపోతే పిల్లవాడిది మట్టిబుర్ర అంటారు. ఎటు చూసినా మావాడు మాట పడక్కర్లేని వృత్తి. డెబ్భై నాలుగేళ్ళ వయసులో నేను కూడా వాడి క్లాసులో కూర్చోవలసి వస్తుందని మాత్రం ఎన్నడూ అనుకోలేదు.

తోట పూత మీద ఉన్నప్పుడు నాకు కడుపు ఉబ్బరం మొదలైంది. గ్యాసు అనుకుని వాము నమిలాను. కుచ్చిళ్ళు దోపితే నిలబడని పరిస్థితి వచ్చాక స్కానింగు తీయించారు. అండాశయంలో గడ్డ, కేన్సర్ అని డాక్టర్లు మావాడికి వరండాలో చెప్పారట. వాడు లోపలికి వచ్చి "చిన్న గడ్డమ్మా" అన్నాడు. వాడి మొహం చూడగానే అది పెద్దదని నాకు తెలిసిపోయింది. కేన్సరేనా అని నేనే అడిగాను. తలూపాడు. ఆ రోజు నేను ఏడవలేదు, వాడు ఏడ్చాడు.

గన్నవరం దాటాక ఉన్న ఆసుపత్రికి తీసుకువెళ్ళాడు. అక్కడ పెద్దవయసువాళ్ళ కేన్సర్ వైద్యం మీద ఏదో పరిశోధన నడుస్తోంది. దాని తరఫున తబితా అనే నర్సు మా దగ్గరికి వచ్చి కూర్చుంది. ముప్ఫై ఏళ్ళు ఉంటాయేమో, నెమ్మదైన పిల్ల.

"డెబ్భై దాటినవాళ్ళకి కీమో ఎంత ఇవ్వాలో ఇంకా సరిగ్గా తెలీదండి బామ్మగారూ" అంది. "మందు కనిపెట్టినప్పుడు ఎక్కువగా వయసులో ఉన్నవాళ్ళ మీదే చూస్తారు. మీ వయసువాళ్ళు కొంతమందికి భయపడి మరీ తక్కువ ఇచ్చేస్తున్నారు, కొంతమందికి తట్టుకోలేనంత ఇచ్చేస్తున్నారు. అందుకని మేం ముందు మనిషిని చూసి అంచనా వేస్తాం. ఎట్టా నడుస్తున్నారు, ఏం తింటున్నారు, మతిమరుపు ఉందా, ఇంట్లో పనులు చేసుకుంటున్నారా, అన్నీ. దాన్నిబట్టి పూర్తి డోసు ఇవ్వాలా, తగ్గించాలా అని డాక్టరమ్మ చూస్తారు. ఇందులో పాసవడం, ఫెయిలవడం ఏమీ లేదండి. ఉన్నది ఉన్నట్టు చెబితే చాలు."

నాకు సబబుగానే తోచింది. పూత కోసం చెట్టు మొదట్లో కల్టారు మందు పోసేటప్పుడు మేమూ అంతే, చెట్టు వయసు అడగం, కొమ్మల విరివి చూసి పోస్తాం. కానీ ఆ పిల్ల చెప్పిన అన్ని మాటల్లోనూ మావాడి చెవిలో పడింది ఒకటే, పూర్తి డోసు.

పరిశోధనలో చేరే కాగితాల మీద నేను సంతకం పెట్టేలోపల వాడు కారిడార్‌లో విస్సన్నపేట నుంచి వచ్చిన ఒకాయనతో స్నేహం కట్టేశాడు. ఆయన తండ్రికి అంతకు ముందు వారమే ఈ అంచనా అయిందట. ఏమేం అడిగారో, ఏమేం చేయించారో మొత్తం రాబట్టుకుని వచ్చాడు. పేపరు లీకైన ఆనందం వాడి మొహంలో స్పష్టంగా కనిపించింది.

"సగం మందు కొడితే తేనెమంచు పురుగు చస్తుందా అమ్మా?" అన్నాడు కారులో. "పక్క కొమ్మకి పోయి కూర్చుంటుంది. వారానికి మళ్ళీ దిగుద్ది. ఇదీ అంతే. కొడితే పూర్తిగా కొట్టాలి."

మామిడి తోటలవాళ్ళ ఇళ్ళల్లో ఈ మాట అంటే ఇక వాదన ఉండదు. మందు పల్చనచేసి కొట్టి పూత మొత్తం పోగొట్టుకున్నవాళ్ళు మా ఆగిరిపల్లిలో ఇంటికొకరు ఉన్నారు. నేనూ తలూపాను. నా పొట్టలో ఉన్నది చెట్టు మీద పురుగు కాదని, చెట్టునీ పురుగునీ ఒకే మందు కొడుతుందని అప్పుడు తట్టలేదు.

మర్నాటి నుంచే క్లాసులు. వసారాలో కాయలు పోసుకునే చోట ప్లాస్టిక్ కుర్చీ వేసి, దానికి ఎదురుగా కొంత దూరంలో సుద్దముక్కతో గీత గీశాడు. చేతులు ఆనించకుండా లేవాలి, గీత దాకా నడవాలి, తిరిగి వచ్చి కూర్చోవాలి. వాడు ఫోన్లో టైము చూస్తాడు. మొదటిరోజు లేవడానికే ఆ కుర్చీని బతిమాలుకున్నాను.

నాకు షుగరు వచ్చి చాలా ఏళ్ళయింది. అరికాళ్ళు ఎప్పటినుంచో తిమ్మిరి. గచ్చు మీద నడుస్తున్నానో పరుపు మీద నడుస్తున్నానో చూసుకుంటే గాని తెలియదు. ఈమధ్య వేళ్ళ కొసలు కూడా మొదలయ్యాయి. అంతకు ముందు వానాకాలంలో మోటారు షెడ్డు దగ్గర ఒకసారి, బాత్‌రూములో ఒకసారి పడ్డాను. రెండుసార్లూ నన్ను లేవదీసింది మావాడే.

"ఈమధ్య పడ్డారా అని అడుగుతారు. లేదు అని చెప్పు."

"పడ్డానుగదరా!"

"ఎముక విరిగిందా? లేదుగా. అది పడ్డం కాదమ్మా, జారడం. ఇట్టాంటివాటికి నెగెటివ్ మార్కులుంటయ్. అడిగినదానికి మటుకే చెప్పు. అడక్కుండా ఏమీ చెప్పమాకు."

మా కోడలు సాయిలక్ష్మి వంటింట్లోంచి వచ్చింది. "ఏవండీ, అత్తయ్యకి కాళ్ళు తిమ్మిర్లు ఉన్నయ్యిగా. అది చెప్పకపోతే ఎట్టా?"

"చెబితే సగం మందు ఇచ్చి ఇంటికి పంపిస్తారు. ముసలావిడేగా అని వదిలేస్తారు. నీకు తెలీదు, ఊరుకో" అన్నాడు. వదిలేస్తారు అంటూ నా వైపు చూడకుండా సుద్దగీతని మళ్ళీ దిద్దాడు. వాడికి నేను కావాలి. ఆ భయంలో వాడికి ఇంకేమీ కనిపించడం లేదు. నాకు మాత్రం చావాలని ఉందా ఏమిటి? మా కోడలు మా ఇద్దరి మొహాలూ చూసి లోపలికి వెళ్ళిపోయింది.

నిజం చెప్పొద్దూ, నాకు ఆ క్లాసులు సరదాగానే ఉండేవి. చిన్నప్పుడు ఐదో తరగతితో నా చదువు ఆపేశారు. ఇన్నేళ్ళకి నాకోసం ఒక మాస్టారు, గోడ మీద ఒక టైంటేబుల్. మతిమరుపు పరీక్షకి గుర్తు పెట్టుకోవలసిన మాటలు అంట్లు తోముకుంటూ కూడా వల్లెవేశాను. గొడుగు, రైలు, బిందె, చింతకాయ, పోలీసు. గడియారం బొమ్మ వేసి పదకొండూ పదికి ముళ్ళు పెట్టడం కూడా నేర్చుకున్నాను. బిగుతు బూట్లు వేసుకుంటే నడక కుదురుగా ఉంటుందని వాడు కనిపెట్టాడు. విజయవాడ వెళ్ళి తెల్లటి బూట్లు తెచ్చాడు. పట్టుచీర మీద బూట్లు వేసుకుని వసారాలో నడుస్తుంటే మా కోడలు నవ్వాపుకోలేక వంటింట్లోకి పరుగెత్తింది.

ఆ రోజు రానే వచ్చింది. కుర్చీలోంచి లేచిన తీరుకి తబితా కళ్ళు పెద్దవి చేసింది. మాటలన్నీ వరసగా అప్పజెప్పాను. వంట ఎవరు చేస్తారంటే నేనే అన్నాను. పడ్డారా అంటే లేదన్నాను. కాళ్ళూ చేతులూ తిమ్మిర్లు ఉన్నాయా అంటే లేవన్నాను.

"నిజంగా లేవా బామ్మగారూ? షుగరు ఉంది కదా" అంది.

"లేవమ్మాయ్" అన్నాను.

చివర్లో ఒక ప్రశ్న అడిగింది, "ఈ వైద్యంలో మీకు అన్నిటికంటే ముఖ్యం ఏంటండీ?" దానికీ జవాబు తయారుగా ఉంది. నయం కావాలి అని చెప్పేశాను. అసలు నా మనసులో ఉన్నది వేరు. రసాలు కోతకొచ్చే వేళకి నా కాళ్ళ మీద నేను తోటలోకి వెళ్ళి, కాయ పట్టుకు చూసి, ఇక కొయ్యండర్రా అనాలి. పెళ్ళయి వచ్చిన నాలుగో ఏడు నుంచి మా తోటలో తొలికోతకి ఆ మాట నేనే చెబుతున్నాను. మా ఆయన బతికున్నప్పుడు కూడా నా మాట పడ్డాకే నిచ్చెన వేసేవారు. ఇది సిలబస్‌లో లేదు, అందుకని చెప్పలేదు.

డాక్టరమ్మ పిలిచింది. అన్నీ చూసుకుని "మీ వయసుకి చాలా గట్టిగా ఉన్నారు" అంది. "పూర్తి డోసుతోనే వెళ్దాం. ఇందులో ఒక మందు వేళ్ళకి, పాదాలకి తిమ్మిరెక్కిస్తుంది. మీకు ముందునుంచీ తిమ్మిర్లేమీ లేవు కాబట్టి భయం లేదు."

నేను మావాడి వైపు చూశాను. వాడు గోడ మీద కేలండర్ చూస్తున్నాడు. తిరిగి వచ్చేటప్పుడు మైసూర్‌పాక్ కొని, ఇంటికొచ్చి అందరి నోట్లోనూ పెట్టాడు. వాడి స్టూడెంటుకి స్టేటు ర్యాంకు వచ్చినా అంత సంతోషం ఉండదు.

మొదటి డోసు బాగానే గడిచింది. రెండోదానికి జుట్టు ఊడిపోయింది, అన్నం మట్టిలా తోచింది. మూడోదాని తర్వాత బాత్‌రూములో కూర్చున్నదాన్ని లేవలేకపోయాను. రక్తకణాలు పడిపోయాయని ఆసుపత్రిలో పెట్టారు. ఎన్ని రోజులు ఉన్నానో నాకు గుర్తు లేదు. ఇంటికి తెచ్చాక మంచానికీ కిటికీకీ మధ్యే నా తిరుగుడు. ఒకరోజు టీ గ్లాసు పట్టుకుని కూర్చుంటే సాయిలక్ష్మి పరుగున వచ్చి గ్లాసు లాగేసుకుంది. చూస్తే వేళ్ళ మీద బొబ్బలు. నాకు తెలియనే లేదు. తను కంగారుపడి మందు రాస్తుంటే ఇంకెవరి చేతికో రాస్తున్నట్టు చూస్తూ కూర్చున్నాను.

కోతలు వచ్చాయి. మా తోట కోతలు చూసే జోజిబాబు చిన్నరసాలు నాలుగు తువ్వాలులో పెట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు.

"అమ్మగారూ, మీరు రాలేరని కాయలే తెచ్చానండి. పట్టుకు చూసి సెలవియ్యండి."

కాయ ముదిరిందీ లేనిదీ నాకు చేతిలో తెలుస్తుంది. బరువు, చర్మం బిగువు, తొడిమ పక్కన భుజం నిండిన తీరు. కాయ చేతిలోకి తీసుకున్నాను. చేతిలో కాయ ఉందని కంటికి కనబడుతోంది, అంతే. తిప్పాను, నొక్కాను. ఏమీ లేదు. తెలియడం లేదు జోజీ అంటే సరిపోయేది. నోరు రాలేదు. "కొయ్యండి" అన్నాను.

మొదటి లోడు నూజివీడు మార్కెట్ నుంచి సగం తిరిగి వచ్చింది, లేతకాయ అని. జోజిబాబు నాతో ఒక్క మాట అనలేదు. మావాడు "పోన్లే అమ్మా" అన్నాడు. నాకు సిగ్గనిపించలేదు. అనిపించాలి కదా! కోత తప్పు చెబితే ఏడాదంతా తలెత్తుకోలేని మనిషిని నేను. ఆ రోజు మాత్రం కిటికీలోంచి ఆ తిరిగొచ్చిన ట్రేలని చూసి, మళ్ళీ అటు తిరిగి పడుకున్నాను. మందు వేళ్ళతో ఆగలేదని, మనసుని కూడా మొద్దు చేసేసిందని అనుకున్నాను. అనుకున్నందుకు భయం కూడా వెయ్యలేదు.

నాలుగో డోసుకి ముందు మళ్ళీ అంచనా వేస్తారని కబురొచ్చింది. మావాడు మళ్ళీ కుర్చీ వేశాడు.

"స్కానింగులో గడ్డ తగ్గిందమ్మా. ఇంకా మూడు డోసులే. ఇప్పుడు తగ్గిస్తే ఇంతా చేసి లాభమేంటి? ఈసారి గుండీలు పెట్టమంటారంట, బల్ల మీద రూపాయి బిళ్ళ తియ్యమంటారంట. పద, చేద్దాం."

తన పాత చొక్కా ఒకటి తెచ్చి నా ఒళ్ళో పెట్టాడు. గుండీ కాజాలోకి వెళ్ళదు. వెళ్ళిందనుకుని వదిలితే కింద పడుతుంది. వాడు విసుక్కోలేదు. చిన్న పిల్లకి అక్షరాలు దిద్దించినట్టు నా వేళ్ళు పట్టుకుని పెట్టించాడు. ఎంతసేపు చేసినా ఒక్కటి పడలేదు. "ప్రాక్టీసు చాలలేదు, రేపు చూద్దాం" అని లేచి వెళ్ళిపోయాడు. వాడు బయట పంపు దగ్గర మొహం కడుక్కుంటూ చాలాసేపు ఉండిపోయాడు.

సాయిలక్ష్మి నా పక్కన కూర్చుంది. "అత్తయ్యా, ఈసారన్నా అన్నీ చెప్పండి. తిమ్మిర్లు ముందే ఉన్నయ్యని చెప్పండి. ఇదే మందు ఇంకా ఎక్కిస్తే మీరు మంచం దిగరు."

"చెబితే వాడేమైపోతాడే?" అన్నాను.

సాయిలక్ష్మి నా ఒళ్ళో చొక్కా తీసి మడతపెట్టింది. నాకున్న చిక్కు అదొక్కటే. నిజం చెబితే ఈ మందు ఆపుతారు, నాకు మిగిలిన కాళ్ళూ చేతులూ మిగులుతాయి. కానీ డాక్టరమ్మ ఎదుట, తల్లిని ఈ గతికి తెచ్చింది తన కోచింగేనని వాడు వినాలి. విని, నేను పోయాక కూడా మోయాలి. చెప్పకపోతే ఇంకా మూడు డోసులు. వాడి మనశ్శాంతి ఒక పక్క, నా కాళ్ళూ చేతులూ ఒక పక్క. ఒకప్పుడైతే ఇలాంటిదానికి రాత్రంతా మెలకువగా ఉండేదాన్ని. హాయిగా నిద్రపోయాను.

ఆసుపత్రిలో తబితా బల్ల మీద రూపాయి బిళ్ళ పెట్టింది. దాన్ని బల్ల అంచు దాకా తోసుకుంటూ పోయాను గాని పైకి తియ్యలేకపోయాను. కుర్చీలోంచి లేవబోతే ఆ పిల్లే పట్టుకుంది. వాడిపోయిన మొహంతో వెళ్ళి డాక్టరమ్మని పిలుచుకొచ్చింది. మావాడు నా పక్క కుర్చీలో కూర్చుని ఉన్నాడు.

డాక్టరమ్మ నా వేళ్ళు, పాదాలు సూదితో గుచ్చి చూసింది. "సుబ్బరత్నమ్మగారూ, మూడు డోసులకే ఇంత రావడం నాకు అర్థం కావడం లేదు" అంది. "ఒక్క సంగతి చెప్పండి, చాలా అవసరం. ఈ తిమ్మిరి మందు మొదలుపెట్టాక వచ్చిందైతే డోసు తగ్గించి ఇదే మందు ఇవ్వొచ్చు. ముందే ఉన్నదైతే ఈ మందు మీకు ఇక ముట్టించకూడదు, వేరే మందుకి మారాలి. మీ ఒక్కరి కోసమే కాదు. మీకు ఎంత పడింది, ఎంత పడలేదు అన్నది చూసే కదా మీ తర్వాత వచ్చే పెద్దవాళ్ళకి మేం ఇచ్చేది. ముందే ఉందా?"

మావాడే చెబుతాడని చూశాను. నేనే వద్దన్నానండీ అంటే సరిపోయేది. రోజంతా నోరు ఆగకుండా పాఠం చెప్పే మనిషి. వాడు మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, నేల మీద ఎవరో పారేసిన దూది ఉండ వైపు చూస్తున్నాడు. చెవులు ఎర్రగా అయిపోయాయి. చిన్నప్పుడు పలక పగలగొట్టినప్పుడు కూడా వాడి చెవులు ముందు ఎర్రబడేవి. ఇక వాడు చెప్పడని నాకు అర్థమైంది. వాడు నా కొడుకు, నలభై ఆరేళ్ళవాడు, భయపడిపోయి ఉన్నాడు.

"ముందే ఉందండి" అన్నాను. "ఏళ్ళ నుంచీ ఉంది. పడ్డాను కూడా, రెండుసార్లు. మందు తక్కువ ఇస్తారేమోనని నేనే దాచాను."

తబితా నా మొహంలోకి చూసింది. డాక్టరమ్మ నిట్టూర్చి, మావాడి వైపు తిరిగింది. "మీకు తెలియదాండీ?"

"వాడికేం తెలుసండి" అన్నాను నేనే. "ఇంట్లో ఎవరికీ చెప్పలేదు."

ఇప్పుడైనా అంటాడనుకున్నాను. లేదమ్మా అంటాడని, నా మాట కొట్టిపారేస్తాడని. నేనే కదా లేవదీసింది అంటాడని. అప్పుడు మావాడు గొంతు సవరించుకున్నాడు.

"అమ్మ ఎప్పుడూ అంతేనండీ. ఏదీ నోరు తెరిచి చెప్పదు."

ఆ మాట మాత్రం నేను నేర్పింది కాదు. డాక్టరమ్మ నన్ను మెల్లగా మందలించింది, పెద్దవాళ్ళు ఇలా దాచుకోకూడదని, పిల్లలకి చెప్పుకోవాలని. మావాడు కూడా ఆవిడతో పాటు తలూపాడు. నేను బుద్ధిగా విన్నాను. ఆ మందు ఆపేశారు, వేరేది రాశారు. నాకు కోపం రావాలి. లోపలంతా వెతుక్కున్నాను, ఎక్కడా దొరకలేదు. కన్నీళ్ళ కోసం కూడా చూశాను. అవీ లేవు.

కారులో వాడు రేడియో పెట్టలేదు. తోటలు మొదలయ్యాయి. రోడ్డు పక్కన కాయలు లారీకి ఎత్తుతున్నారు. నేను అటే చూస్తూ ఉన్నాను. ఒకచోట కారు ఆగింది. ఎందుకు ఆపాడా అని ఇటు తిరిగాను. వాడు స్టీరింగు మీద తల ఆనించి ఉన్నాడు, భుజాలు కదులుతున్నాయి, నోట్లోంచి చప్పుడు రావడం లేదు. ఏమైందిరా అని అడగబోయి కిందికి చూశాను. వాడి ఎడమచెయ్యి నా చేతి మీద ఉంది, గట్టిగా పట్టుకుని ఉన్నాడు, కణుపులు తెల్లబడిపోయాయి. ఆసుపత్రి దగ్గర బయల్దేరినప్పటి నుంచీ పట్టుకున్నాడో, ఇప్పుడే పట్టుకున్నాడో నాకు తెలియదు.